చేతిలో ఒక్క బస్తానే ఉంటే ఎప్పుడు చల్లాలి?

2025 వానాకాలంలో తెలంగాణ రైతులు యూరియా కోసం తెల్లవారకముందే వరస కట్టారు. రెండు బస్తాలు కావాల్సిన చోట ఒకటే దొరికితే, దాన్ని ఎప్పుడు చల్లాలన్నదే అసలు ప్రశ్న. చాలామంది వరి నాటిన కొద్దిరోజులకే మొత్తం చల్లేస్తారు. చేను నల్లగా కమ్ముకొస్తే కంటికి ఇంపే గానీ, గింజ బాగోగులు ఎక్కువగా తేలేది అంకురం దశ (పైరులో కంకి రూపుదిద్దుకోవడం మొదలయ్యే దశ) నుంచి.

45 కిలోల బస్తాలో నత్రజని సుమారు 21 కిలోలు. దాన్ని దమ్ములో కొంత, పిలకలు వేసేటప్పుడు కొంత, అంకురం దశలో కొంత వేయాలన్నది పాత సిఫారసే. కొరత వచ్చినప్పుడు కోత దమ్ములో వేసేదానికి పెట్టండి. జీలుగో జనుమో కలియదున్నిన మడైతే మరీ సులువు. అంకురం నాటి దఫాను మాత్రం ముట్టుకోవద్దు.

ఎందుకంటే బియ్యంలో 7 శాతం అటూ ఇటూగా ఉండే మాంసకృత్తులకు మూలం నత్రజనే. పిండి రేణువుల మధ్య సందులను నింపేది ఆ మాంసకృత్తులే. పూత నాటికి నత్రజని చాలిన చేలో గింజ గట్టిపడి మరలో తక్కువగా విరుగుతుంది. చాలకపోతే పెళుసై నూక పెరుగుతుంది. అలాగని పొట్ట మీద ఉన్న చేనుకు దట్టిస్తే దోమపోటు, మెడవిరుపు, పడిపోయిన పైరు, కోతనాటికీ పండని పచ్చిగింజ. అన్నమూ గట్టిపడుతుంది. జపాన్‌లో మాంసకృత్తులు తక్కువున్న బియ్యానికే రుచిలో పెద్దపీట. మిల్లరు మెచ్చే గింజ, తినేవాడు మెచ్చే గింజ అన్నివేళలా ఒకటి కావు మరి.

యూరియా కోసం పడే ఆరాటం పొటాష్ కోసం ఎవరూ పడరు. ధర పెరగగానే మొదట మానేసేది దాన్నే. నా దృష్టిలో అన్నిటికన్నా నష్టపు పొదుపు ఇదే. పొటాష్ తక్కువైతే ఆకులో తయారైన ఆహారం గింజకు సరిగా చేరదు, తాలు మిగులుతుంది. ఎఫ్‌సీఐ ప్రమాణాల్లో పక్వానికి రాని, ముడుచుకుపోయిన గింజలకు హద్దు 3 శాతం. కొనుగోలు కేంద్రంలో తరుగు గొడవకు తాలు కూడా ఒక సాకే. తేలిక నేలల్లో పొటాష్ సగం దమ్ములో, సగం అంకురం దశలో వేయండి.

ధైర్యంగా తగ్గించదగింది డీఏపీ. ఏళ్ల తరబడి వేసిన భూముల్లో భాస్వరం పేరుకుని ఉంటుంది. మట్టి పరీక్షలో ఎక్కువని వస్తే ఆ మేరకు తగ్గించేయండి. భాస్వరం మితిమీరితే పైరుకు జింకు అందదు. గింజలో ఫైటేటు పెరిగి, ఉన్న జింకు కూడా తిన్నవాడి ఒంటికి సరిగా పట్టదు. ఇక్కడ మాత్రం తగ్గించడమే గింజకు మేలు. నాట్లయ్యాక పైపాటుగా డీఏపీ చల్లే అలవాటుంటే ముందు అది మానండి.

యాసంగి వడ్లలో నూక ఎక్కువైతే ఎరువునొక్కదాన్నే తిట్టకండి. ఏప్రిల్, మే ఎండలకు గింజలో పగుళ్లు వస్తాయి. కోత ఆలస్యమైనా, కళ్లంలో మండుటెండకు పలచగా పరిచి గబగబా ఆరబెట్టినా అంతే.

అందుకే ఈసారి ఒకే రకం వరి ఉన్న రెండు మడులు ఎంచుకుని, ఒకదానిలోనే ఏదో ఒక ఎరువు తగ్గించండి. రెంటినీ ఒకేరోజు కోసి, నీడలో ఒకేలా ఆరబెట్టి, వేర్వేరుగా మర ఆడించండి. నిండు బియ్యం, నూక విడివిడిగా తూచి రాసిపెట్టుకుంటే, వచ్చే పంటకు ఆ బస్తా మానొచ్చో లేదో కాగితం చూసి చెప్పొచ్చు.