వెండితెర మీద పెళ్లి: ఆఖరి మాట ఎవరిది?

ఎందుకు చదవాలి?

పోటీ పరీక్షల వ్యాసాల్లో స్త్రీ స్వాతంత్ర్యం గురించి రాస్తూ చాలామంది ‘అప్పట్లో అణకువ, ఇప్పుడు స్వేచ్ఛ’ అని తేల్చేస్తారు. సినిమా చరిత్ర అంత తిన్నగా నడవలేదు. ఏ సినిమానైనా రెండు ప్రశ్నలతో చూడండి: కథానాయిక సంపాదన ఎవరికి పోతోంది? పెళ్లి విషయంలో ఆఖరి మాట ఎవరిది?

సంస్కరణల కాలం

వితంతు పునర్వివాహ చట్టం 1856లో వచ్చింది. వీరేశలింగం 1881లో రాజమహేంద్రవరంలో తొలి వితంతు వివాహం జరిపించారు. ఆ ఇతివృత్తంతో వై.వి. రావు ‘మళ్ళీ పెళ్లి’ తీసింది 1939లో. అదే ఏడాది కాళ్లకూరి నారాయణరావు నాటకం ‘వరవిక్రయం’ తెరకెక్కి కట్నాన్ని ఎండగట్టింది. వరకట్న నిషేధ చట్టం మాత్రం 1961లో గాని రాలేదు. ఒకచోట చట్టం వెనక, మరోచోట చట్టానికి ముందు నడిచింది మన సినిమా.

జీతం వచ్చినా...

‘మిస్సమ్మ’ (1955)లో మేరీ చదువుకున్న అమ్మాయి. అయినా ఉద్యోగం కోసం పరాయి మగవాడికి భార్యగా నటించక తప్పలేదు. సత్యజిత్ రాయ్ ‘మహానగర్’ (1963)లో ఇల్లు గడవక సేల్స్ ఉద్యోగానికి వెళ్లిన ఆరతికి, సంపాదనతోపాటు తన మీద తనకు నమ్మకం కూడా వచ్చింది. కానీ బాలచందర్ ‘అంతులేని కథ’ (1976)లో సరిత జీతం మీద ఇల్లంతా బతుకుతుంది. తాగుబోతు అన్న, వితంతువైన తోబుట్టువు, చూపులేని తమ్ముడు... చివరికి తన పెళ్లినే వదులుకుని మళ్లీ ఆఫీసుకు వెళ్తుంది. ఆ త్యాగానికి ప్రేక్షకులు కన్నీళ్లు పెట్టుకున్నారు. నా దృష్టిలో అది త్యాగం కన్నా అన్యాయమే. సంపాదన ఒక్కటే స్వాతంత్ర్యం ఇవ్వదనడానికి ఇంతకు మించిన ఉదాహరణ తెలుగులో దొరకదు.

కాదనే ధైర్యం

మహేశ్ భట్ ‘అర్థ్’ (1982)లో పూజ, తిరిగొచ్చిన భర్తను వద్దంటుంది. తనను ప్రేమించిన మరో మగవాడి తోడునూ వద్దంటుంది. ‘థప్పడ్’ (2020)లో ఒక్క చెంపదెబ్బే విడాకులకు దారితీస్తుంది. గృహహింస చట్టం (2005) గురించి రాసేటప్పుడు ఈ సినిమాను ప్రస్తావించవచ్చు. మలయాళ చిత్రం ‘ది గ్రేట్ ఇండియన్ కిచెన్’ (2021) ఇంకా లోతుకు వెళ్లి, జీతం లేని వంటింటి చాకిరీని నిమిషాల తరబడి చూపించింది. అందులోని భార్య ఇల్లు వదిలి వెళ్లాక భర్త మళ్లీ పెళ్లాడతాడు. కొత్త భార్య కూడా అదే చాకిరీలో పడుతుంది.

తెలుగులో నేడు

‘ఫిదా’ (2017)లో భానుమతి బాన్సువాడ వదలనంటుంది, అబ్బాయే అమెరికా నుంచి వస్తాడు. అయితే వద్దన్న అమ్మాయి వెంటపడి ‘సరే’ అనిపించుకోవడమే ప్రేమగా చూపే సినిమాలూ ఈ కాలంలోనే ఆడాయి. ఇది నిజంగా బాధ కలిగించే విషయం.

జవాబులో...

సినిమా పేర్ల జాబితా రాయకండి. రెండు మూడు చిత్రాలు ఎంచుకుని, ప్రతిదాన్నీ ఆ నాటి చట్టంతో ముడిపెట్టి, మారనిదేమిటో కూడా నిర్మొహమాటంగా రాయండి.