బాలింత మనస్సును పరామర్శించుట

మన గ్రామములలో పురుడు వచ్చిన యింటికి పోయినవారు సామాన్యముగా మూడు ప్రశ్నలు అడుగుదురు. మగబిడ్డా, ఆడబిడ్డా? కాన్పు సుఖముగా జరిగినదా, ఆపరేషనా? పాలు పడుచున్నవా? ఇక బాలింత తినవలసిన పథ్యమును గూర్చియు, చెవులలో పెట్టుకొనవలసిన దూదిని గూర్చియు సలహాలకు కొదువ యుండదు. “అమ్మా, నీ మనస్సు ఎట్లున్నది?” అని అడుగువారు మాత్రము అరుదు. ఈ పాఠములో ఆ నాలుగవ ప్రశ్నను గూర్చి ఆలోచించుదము.

కాన్పైన మూడు నాలుగు దినములకు తల్లికి కారణము లేకయే కన్నీరు వచ్చుట, చిరాకు కలుగుట సాధారణమే. అది పది పదునాలుగు దినములలో తనంతట తానే పోవును. దానికి మందులు అక్కరలేదు, ఓదార్పు చాలును. అయితే రెండు వారములు దాటినను దిగులు విడువక, బిడ్డ నిద్రించినప్పుడు సైతము తనకు నిద్రపట్టక, ఆకలి చచ్చి, బిడ్డను ఎత్తుకొనుటకు మనసొప్పక, “నేను ఎందుకును పనికిరాను” అని తల్లి అనుకొనుచుండినయెడల అది సోమరితనము కాదు, గర్వము కాదు, క్రుంగుదల అను వ్యాధి. అది గర్భముతో నున్నప్పుడే ఆరంభమగుటయు కలదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారము వర్ధమాన దేశములలో గర్భిణీ స్త్రీలలో 100కి సుమారు 16 మందియు, ప్రసవించిన స్త్రీలలో సుమారు 20 మందియు మానసిక రుగ్మతకు, ముఖ్యముగా ఈ క్రుంగుదలకు, లోనగుచున్నారు. అనగా అయిదుగురు బాలింతలలో ఒకతె.

దీనికి కారణమేమి? 2002లో ప్రచురింపబడిన గోవా పరిశీలనలో ప్రసవమైన ఆరు మొదలు ఎనిమిది వారములకు 100లో 23 మంది తల్లులు క్రుంగుదలతో నుండిరి. పేదరికము, భర్త కొట్టుట, ఆడబిడ్డ పుట్టుట, ఇవి ఆ వ్యాధికి దగ్గర బంధువులుగా కనబడినవి. ఆడబిడ్డను కన్నంత మాత్రమున ఏ తల్లికిని జబ్బు రాదని మా అభిప్రాయము. చుట్టునున్నవారు ముఖము ముడుచుకొనుటచేత వచ్చును.

పట్టణమునందలి మానసిక వైద్యుని యొద్దకు పల్లెనుండి ప్రతి తల్లిని తీసికొనిపోవుట సాధ్యమా? సాధ్యము కాదు. మరి ఏమి చేయవలెను? ఈ ప్రశ్నకు మన పొరుగుదేశమైన పాకిస్తాను చూపిన జవాబును కొంచెము నిదానముగా పరిశీలించుట మేలు. రావల్పిండి ప్రాంతపు పల్లెలలో డాక్టరు ఆతిఫ్ రహమాన్‌గారును ఆయన తోటివారును ఒక ప్రయత్నము చేసి, దాని ఫలితములను 2008లో ప్రకటించిరి. 40 యూనియన్ కౌన్సిళ్లలో క్రుంగుదలతో నున్న 903 మంది గర్భిణులు అందులో చేరిరి. వారికి సహాయము చేసినవారు వైద్యులు కారు. ఆ గ్రామములలోనే నివసించుచు ఇంటింటికి తిరుగు లేడీ హెల్త్ వర్కర్లు, అనగా మన ఆశా కార్యకర్తల వంటి స్త్రీలు. వారికి ముందుగా ఇచ్చిన శిక్షణ రెండు దినములే. తరువాత నెలకొకసారి వారిని కూడబెట్టి, ఎదురైన కష్టములను విచారించుచుండిరి.

ఆమె తల్లి యొద్దకు పోయి “నీకు మనోవ్యాధి యున్నది” అని చెప్పలేదు. “బిడ్డ బాగుండవలెనన్న తల్లి బాగుండవలెను” అనియే ఆరంభించెను. ఈ మాటకు అత్తగారు అడ్డుచెప్పలేదు, భర్తయు చెప్పలేదు. మనుమని క్షేమము ఎవరికి వద్దు? ఆ తరువాత ఆమె ఉపదేశము చేయక వినెను. “నా నుదుటి వ్రాత యింతే, నేనేమి చేసినను బిడ్డ బలపడదు” వంటి తలంపు తల్లి నోట వచ్చినప్పుడు, బొమ్మలు చూపించి, ఆ తలంపు ఎక్కడికి నడిపించునో తల్లియే గ్రహించునట్లు చేసెను. పిమ్మట చిన్నపని యొకటి అప్పగించి, మరల వచ్చినప్పుడు దానిని గూర్చి అడిగెను. గర్భము చివరి నెలలో వారమునకొకసారి నాలుగు మార్లు, కాన్పైన నెలలో మూడు మార్లు, అటుపిమ్మట నెలకొకసారి తొమ్మిది మార్లు, మొత్తము పదునారు దర్శనములు.

బిడ్డకు ఆరు నెలలు వచ్చునప్పటికి ఈ సహాయము పొందిన తల్లులలో 100కి 23 మందిలో మాత్రమే క్రుంగుదల మిగిలెను. అన్ని మార్లే దర్శింపబడియు ఈ పద్ధతి అందని తల్లులలో 53 మందిలో మిగిలెను. పిల్లలకు టీకాలు వేయించుట హెచ్చినది, విరేచనములు తగ్గినవి. అయితే పిల్లల బరువు, ఎత్తు చెప్పుకొనదగినంతగా పెరుగలేదు. ఈ సంగతియు దాచకుండ చెప్పవలెను. తల్లి కన్నీరు ఆగుట తనంతట తానే మంచి ఫలము గదా, దానిని బిడ్డ బరువుతో తూచనేల? 2015లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఈ పద్ధతిని ఒక చేపుస్తకముగా వెలువరించినది.

మన దేశములో జార్ఖండ్, ఒడిషా రాష్ట్రముల ఆదివాసి గ్రామములలో ఏక్‌జుట్ అను సంస్థ స్త్రీల సంఘములను కూర్చి, ప్రసవ సమస్యలను వారిచేతనే చర్చింపజేసెను. శిశుమరణములు తగ్గుటయే గాక, మూడవ సంవత్సరమున తల్లుల మధ్యరకపు క్రుంగుదలయు సగమునకు పైగా తగ్గెనని 2010లో వెల్లడియైనది.

తెలుగు గ్రామములలో ఒక చిక్కు ప్రత్యేకముగా గమనింపదగినది. తొలికాన్పునకు అమ్మాయి పుట్టింటికి పోవును. ఆమె గర్భములో కనిపెట్టిన ఆశా కార్యకర్త ఒక ఊరిలో నుండగా, కాన్పైన తరువాత చూచునామె మరియొక ఊరిలో నుండును. ఒకరు గుర్తించిన దిగులు రెండవ వారికి తెలియదు. పసికందును చూచుటకు ఆశా కార్యకర్త చేయు దర్శనములు 42వ దినముతో ముగియును. మూడవ నెలలోనో అయిదవ నెలలోనో తల్లి తోడు లేక, చంకబిడ్డతో అత్తవారింటికి మరలి, ఇంటిపనియు పొలముపనియు తలకెత్తుకొను కాలమే కఠినమైనది. 2018 నుండి మూడవ నెల మొదలు పదునైదవ నెల వరకు మూడేసి నెలలకొకసారి బిడ్డకొరకు దర్శనములు ఏర్పాటైనవి. ఆ దర్శనములలో తల్లిని గూర్చియు రెండు ప్రశ్నలు అడిగినచో వేరుగా ఖర్చేమియు లేదు. గడచిన రెండు వారములలో మనస్సు క్రుంగియుండెనా? ఇంతకుముందు ఇష్టమైన పనులయందు ఆసక్తి తగ్గెనా? అవునన్నచో, చనిపోవలెనని తోచుచున్నదా అని కూడ మెల్లగా అడుగవలెను. అట్లు అడుగుటచేత ఆ తలంపు పుట్టునని అనేకులు భయపడుదురు. అది నిజము కాదు.

ఒక్క సంగతిలో మాత్రము ఆలస్యము పనికిరాదు. ప్రతి వేయి కాన్పులలో ఒకరిద్దరు తల్లులకు, తరచుగా మొదటి రెండు వారములలోనే, మతి చలించును. నిద్ర పూర్తిగా పోవును, లేని మాటలు వినబడును, బిడ్డను గూర్చి విపరీతమైన అనుమానములు కలుగును. గాలి సోకినదని తాయెత్తుల కొరకు తిరుగుచు దినములు గడుపక, తల్లిని బిడ్డతో ఒంటరిగా విడువక, ఆనాడే ఆసుపత్రికి చేర్చవలెను. సకాలములో చికిత్స జరిగినయెడల వీరిలో అత్యధికులు కోలుకొందురు. దారి తోచనివారు 14416 అను నంబరుకు ఫోను చేయవచ్చును. 2022 అక్టోబరులో ప్రభుత్వము ఆరంభించిన ఈ టెలి మానస్ సేవ ఉచితము, తెలుగులోనే మాటలాడవచ్చును.