ఇంటివారు నోటిని కూడా చూడాలి

హెచ్.ఐ.వి. ఉన్నవారిని ఆసుపత్రికి తీసుకువచ్చినప్పుడు ఇంటివారు జ్వరం గురించి, బరువు తగ్గడం గురించి చెబుతారు. నోటి సంగతి చెప్పరు. "అన్నం ముందు పెడితే ఆకలి లేదంటున్నాడు సిస్టరమ్మా" అంటారు. టార్చిలైటు వేసి నోట్లో చూస్తే తెలుస్తుంది, ఆకలి లేక కాదు, మింగలేక.

రోగనిరోధక శక్తి తగ్గినప్పుడు ఆ మార్పు ముందుగా కనిపించే చోట్లలో నోరు ఒకటి. అయితే తెల్లమచ్చలన్నీ ఒకటి కావు. పెరుగు తరకల్లా ఉండి, తుడిస్తే ఊడివచ్చి కింద ఎర్రగా కనిపించేది సాధారణంగా క్యాండిడా అనే బూజు జాతి జబ్బు. నాలుక పక్క అంచున నిలువు గీతల్లా ఉండి, తుడిచినా పోనిది ఎప్‌స్టీన్-బార్ వైరస్ వల్ల వచ్చేది. ఇది నొప్పి పెట్టదు, క్యాన్సర్ కాదు. గీకి రక్తం తీయకండి. కాని ఎ.ఆర్.టి. మందులు వాడుతున్నా ఇది వస్తే డాక్టరుకు తప్పక చూపించాలి, మందులు సరిగా పనిచేయడం లేదేమో పరీక్ష చేస్తారు.

పెదవి మీద లేచే నీటిపొక్కులు హెర్పిస్ వైరస్‌వి. మామూలుగా వారం పది రోజుల్లో మానతాయి. నెల దాటినా మానకుంటే రక్షణశక్తి బాగా తగ్గిందని అర్థం. పొక్కులు ఉన్నన్నాళ్ళు పసిపిల్లలను ముద్దుపెట్టుకోకూడదు.

ముఖానికి ఒక పక్కనే మంటతో పొక్కులు వస్తే అది అక్కి. ఎప్పుడో వచ్చిన ఆటలమ్మ వైరస్ నరాల్లో దాగి ఉండి మళ్ళీ లేస్తుంది. మనవాళ్ళు ఎర్రమన్ను రాయించి నాలుగు రోజులు చూద్దామంటారు. ఆ నాలుగు రోజులే విలువైనవి! మందు 72 గంటలలోపు మొదలుపెడితే బాగా పనిచేస్తుంది. నుదుటి మీద, ముక్కు కొన మీద పొక్కులుంటే కంటికి ప్రమాదం, ఆ రోజే రండి.

ఇంట్లో గోరువెచ్చని గ్లాసు నీళ్ళలో అర చెంచా ఉప్పు కలిపి పుక్కిలించమనండి. మెత్తని బ్రష్ వాడాలి, బొగ్గు, ఇటుకపొడి వద్దు. చల్లార్చిన రాగిజావ, పెరుగన్నం పెట్టండి. గుట్కా, జర్దా పూర్తిగా మానాలి.

ఉమ్మి వల్ల హెచ్.ఐ.వి. అంటదు. కంచం, గ్లాసు వేరు పెట్టి వారిని బాధపెట్టకండి. చిగుళ్ళ రక్తం అంటుతుంది కనుక బ్రష్ మాత్రం ఎవరిది వారికే, ఇది ఏ ఇంట్లోనైనా ఉండవలసిన పద్ధతే. హెచ్.ఐ.వి. ఉందని పన్ను తీయడానికి నిరాకరించడాన్ని 2018 సెప్టెంబరు 10న అమలులోకి వచ్చిన చట్టం నిషేధిస్తుంది.

ఇంకొకటి అడగండి: నొప్పి వల్ల మాత్రలు మింగడం మానేశారా? చాలామంది చెప్పరు. మింగేటప్పుడు రొమ్ము ఎముక వెనుక నొప్పి అంటే జబ్బు అన్ననాళంలోకి దిగి ఉండవచ్చు. తర్వాతి చెకప్ తేదీ కోసం ఆగకుండా వెంటనే తీసుకురండి.