కామెలాట్ ఎచ్చట నుండెను?

ఆర్థరు రాజును, గుండ్రని బల్లచుట్టు గూర్చుండిన యాతని వీరులను గూర్చిన కథలు మీరు చదివియుందురు. ఆ కొలువుండిన కామెలాట్ నగరమెచ్చటిది?

ఆర్థరు క్రీ.శ. 500 ప్రాంతమువాడని కథలవలన దోచుచున్నది. కామెలాట్ అను పేరు మాత్రము 12వ శతాబ్ది చివరిభాగమున ఫ్రెంచికవి క్రెత్యాన్ ద త్రువా కావ్యమున మొదట గానవచ్చును. నడుమ 600 ఏండ్లకు మించిన యంతరము గలదు.

1485లో అచ్చయిన తన గ్రంథమున టామస్ మాలొరీ వించెస్టరే కామెలాట్ అనెను. అచ్చటి సభాశాల గోడకు గుండ్రని బల్ల యొకటి నేటికిని వ్రేలాడుచున్నది. దాని కొయ్యను శాస్త్రజ్ఞులు పరీక్షింపగా నది 13వ శతాబ్దిదని తేలెను. అనగా కథయే బల్లను చేయించినది.

1542లో జాన్ లేలండ్ సోమర్సెట్ సీమలోని కాడ్బరీ కొండకోటను కామెలాట్‌గా జూపెను. 1966 మొదలు 1970 వఱకు లెస్లీ ఆల్కాక్ అచ్చట ద్రవ్వించెను. పూర్వపు కోటను 500 ప్రాంతమున మరల బలపఱచిన జాడలును, పెద్ద కొయ్యశాల గుఱుతులును, మధ్యధరా తీరములనుండి వచ్చిన కుండపెంకులును బయల్పడెను. గొప్ప యేలిక యొకడు అచ్చట నివసించెననుట స్పష్టము. ఆతడు ఆర్థరని చెప్పు వ్రాత మాత్ర మొక్కటియు దొరకలేదు.

కుండపెంకు కాలమును దెలుపునుగాని యజమాని పేరు దెలుపదు. కావున కథను బ్రీతితో జదువుడు. అది చరిత్రమని చెప్పబూనునపుడు సాక్ష్యము నడుగుడు.