విప్పకండి, వరుసగా పేర్చండి

ప్రశ్న: నేను ఇంటర్ రెండో సంవత్సరం ఎంపీసీ చదువుతున్నాను. ‘ఎన్‌సీ3 = 220 అయితే ఎన్ ఎంత?’ లాంటి లెక్కల్లో ఘన సమీకరణం దాకా వెళ్లి ఆగిపోతున్నాను. ఊహించి రాస్తే మార్కులు పోతాయేమోనని భయం. ఏం చేయాలి?

జవాబు: లెక్క కష్టమైంది కాదు. గుణకారంగా ఉన్నదాన్ని విప్పేయడం వల్లే చిక్కు వస్తోంది. 2008 ఐపీఎల్ లీగ్ దశనే తీసుకోండి. ప్రతి రెండు జట్లూ రెండేసి సార్లు ఆడేలా మొత్తం 56 మ్యాచ్‌లు పెట్టారు. అంటే జట్ల జంటలు 28, కాబట్టి ఎన్‌సీ2 = 28. రెండువైపులా 2తో గుణిస్తే ఎన్(ఎన్–1) = 56. ఇది రెండు వరుస సంఖ్యల లబ్ధం. 56 వర్గమూలం 7కీ 8కీ మధ్య ఉంటుంది. 8 × 7 సరిగ్గా 56. జట్లు ఎనిమిది. వర్గ సమీకరణం సాధించినా 8, –7 వస్తాయి. జట్ల సంఖ్య రుణసంఖ్య కాదు గనుక –7ను వదిలేయాల్సిందే. మీ లెక్కకూ ఇదే దారి. 220ని 3 క్రమగుణితంతో, అంటే 6తో గుణిస్తే 1320. ఇది మూడు వరుస సంఖ్యల లబ్ధం, నడిమి సంఖ్య దాని ఘనమూలానికి దగ్గర్లో ఉంటుంది. 11 ఘనం 1331. కాబట్టి 12 × 11 × 10 చూడండి, 1320 వస్తుంది. ఎన్ అంటే వీటిలో పెద్దది, 12. చాలామంది నడిమి సంఖ్య 11నే జవాబుగా రాసి పొరబడతారు.

ఇదీ ఊహే కదా అనవచ్చు. కాదు. గుంపులోకి ఒకరు కొత్తగా చేరితే ముగ్గురిని ఎంచుకునే విధానాలు పెరుగుతాయే తప్ప తగ్గవు. అందుకే ఎన్‌సీ3 విలువ 220 అయ్యే ఎన్ ఒక్కటే ఉంటుంది. ఈ కారణాన్ని ఒక వాక్యంలో రాస్తే మీ జవాబుకు నిరూపణ ఉన్నట్టే. సరిపోయే సంఖ్యలు దొరక్కపోతే? ఎన్‌సీ2 = 50 అన్నారనుకోండి. లబ్ధం 100 కావాలి; 10 × 9 = 90, 11 × 10 = 110, మధ్యలో ఇంకేదీ లేదు. అంటే ఆ లెక్కకు జవాబే లేదు. సూత్రంతో వెళ్తే 401 వర్గమూలం దగ్గర ఆగి, ఎక్కడ తప్పు చేశామా అని వెతుక్కుంటాం. అయితే ఎన్‌సీ5 = ఎన్‌సీ6 లాంటి వాటికి ఈ పద్ధతి అక్కర్లేదు. ఐదుగురిని తీసుకోవడమంటే మిగతావారిని వదిలేయడమే; ఆ మిగతావారు ఆరుగురైతే రెండు ఎంపికలూ సమానం, ఎన్ = 11. ఇప్పుడు ఎన్‌సీ4 = 70 మీరే చేయండి. 24తో గుణించి, వచ్చినదాన్ని నాలుగు వరుస సంఖ్యల లబ్ధంగా రాయండి.