హిట్లర్ పాఠం అయ్యాక ఇంట్లో ఏం చెప్పాలి?



సాంఘిక శాస్త్రంలో హిట్లర్ పాఠం చదివాక పిల్లలు మిమ్మల్ని యూదుల గురించి అడగవచ్చు. 60 లక్షల మందిని చంపారంటే ఆ అంకె వాళ్ల మనసుకు అందదు. ఏన్కూరులో కూర్చుని పోలండ్‌ను ఊహించుకోవడం మనకే కష్టం. అందుకని ఒక్క పిల్లవాడి సంగతి చెప్పండి.

లియాన్ లేసన్ 1929లో పోలండ్‌లోని ఒక చిన్న ఊళ్లో పుట్టాడు. జర్మన్లు వచ్చేనాటికి ఆ కుటుంబం క్రాకో నగరంలో ఉంది. తండ్రి మిషన్ పనిలో దిట్ట. ఓస్కర్ షిండ్లర్ అనే జర్మన్ వ్యాపారి ఎనామిల్ గిన్నెల ఫ్యాక్టరీలో ఆయనకు పని దొరికింది. తాతల కాలంలో మన ఇళ్లలోనూ ఉండేవి, తెల్లటి పూత పూసిన ఇనప గిన్నెలు, అవే. షిండ్లర్ నాజీ పార్టీ సభ్యుడు, లాభం కోసమే వచ్చినవాడు. యూదుల కూలి డబ్బులు వాళ్ల చేతికి కాక నాజీల ఎస్‌ఎస్ దళానికి వెళ్లేవి.

యుద్ధానికి పనికొచ్చే కార్మికుడని కాగితం ఉంటేనే ప్రాణం నిలిచే రోజులవి. ముసలివాళ్లను, చిన్నపిల్లలను ముందే రైలెక్కించేవారు. 13 ఏళ్ల లియాన్‌కు మిషన్ అందేది కాదు. చెక్కపెట్టె మీద నిలబడి పని చేసేవాడు. రాత్రి షిఫ్టులో షిండ్లర్ వచ్చి పలకరించేవాడు, తిండి ఎక్కువ పెట్టించేవాడు.

1944 అక్టోబర్‌లో ఫ్యాక్టరీని బ్రున్లిట్జ్‌కు మార్చారు. లియాన్ తల్లి, అక్క ఉన్న ఆడవాళ్ల రైలు ముందు ఆష్విట్జ్‌కు వెళ్లింది. షిండ్లర్ పట్టుబట్టి వాళ్లను విడిపించుకునేసరికి వారాలు పట్టింది. కొత్త ఫ్యాక్టరీలో ఫిరంగి గుండ్లు తయారుచేయాలి. పనికొచ్చే గుండు దాదాపు ఒక్కటీ రాలేదు. జాబితాలోని వెయ్యి మందికి పైగా మాత్రం బతికి బయటపడ్డారు.

ఇక్కడ కాస్త జాగ్రత్తగా చెప్పండి. పని వచ్చినవాళ్లు బతికారు అనేస్తే, చనిపోయినవాళ్లకు ఏమీ రాదని పిల్లలు అనుకుంటారు. ఆష్విట్జ్ దగ్గర ఐజీ ఫార్బెన్ కంపెనీ కట్టిన ఫ్యాక్టరీలో పని చేసి చేసి వేల మంది చనిపోయారు. లియాన్ అన్న త్సాలిగ్‌కు మిషన్ల పని బాగా వచ్చు. అతన్ని రైలెక్కించినప్పుడు షిండ్లర్ గుర్తుపట్టి, దిగమన్నాడు. తనతో ఉన్న స్నేహితురాలిని వదిలి దిగనన్నాడు త్సాలిగ్. మళ్లీ రాలేదు.

యుద్ధం తర్వాత లియాన్ అమెరికా వెళ్లి, 39 ఏళ్లు హైస్కూల్ టీచరుగా పనిచేశారు. 1993లో స్పీల్‌బర్గ్ సినిమా వచ్చేదాకా ఆయన గతం చాలామందికి తెలియదు. ఆ సినిమా పెద్దలది, చిన్నపిల్లలకు చూపించకండి. 2013లో వచ్చిన ఆయన ఇంగ్లిష్ పుస్తకం 'ద బాయ్ ఆన్ ద వుడెన్ బాక్స్' ఎనిమిదో తరగతి నుంచి చదవవచ్చు. త్సాలిగ్ ఎందుకు దిగలేదని పిల్లలు అడిగితే వెంటనే జవాబు చెప్పేయకండి, ముందు వాళ్లేం అనుకుంటున్నారో చెప్పనివ్వండి.