నీటి అడుగున ఫోటో: ఫోకస్ లైటు ఎంపిక

కోల్‌కతా వద్ద హుగ్లీ నీరు ఒండ్రుతో మురికిగా ఉంటుంది. అలాంటి నీటిలోకి వెలుతురు అంతగా చేరదు. వస్తువు కనబడక కెమెరాకు ఫోకస్ కుదరదు. అందుకే ఫోకస్ లైటు వాడతారు.

లైటు ఎంత పెద్దదైతే అంత మేలని అనుకోకండి. లెన్సు పక్కనే ఉంటే ఒండ్రు రేణువులు కాంతిని కెమెరా వైపే చెదరగొడతాయి. దీనిని కాంతి పరిక్షేపణం అంటారు. ద్రవాలలో ఈ ప్రక్రియను సి.వి. రామన్ 1920లలో ఈ నగరంలోనే పరిశోధించారు.

కాబట్టి వెలుగు తగ్గించుకోగల, లెన్సుకు దూరంగా జరపగల లైటును ఎంచుకోండి.

చేసి చూడండి: గ్లాసు నీటిలో రెండు చుక్కల పాలు కలిపి, చెంచా ఉంచండి. చీకటిలో టార్చిని మొదట కంటి దగ్గర నుంచి, తరువాత గ్లాసు పక్క నుంచి వేయండి. చెంచా ఎప్పుడు స్పష్టంగా కనిపించింది? ఎందుకు?